జవాబు ముందే తెలిసిన పని

2001లో అమీర్‌పేటలో విజువల్ బేసిక్ నేర్చుకుంటున్న రోజుల్లో నేను చేసిన మొదటి కాలిక్యులేటర్‌కి 2, 3 ఇచ్చి కలపమంటే 23 అంది. పక్క సిస్టమ్ మీద కూర్చున్న కుర్రాడు పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అంతకు ముందు నెల రోజులుగా ఒక లైబ్రరీ ప్రాజెక్టుతో కుస్తీ పడుతున్నాను. పుస్తకం తిరిగొస్తే ఎక్కడ నమోదు కావాలో, జరిమానా ఎన్ని రోజులకు కట్టాలో నాకే సరిగ్గా తెలియదు. అందుకని ప్రోగ్రాం చూపించేది ఒప్పో తప్పో కూడా తెలిసేది కాదు. కాలిక్యులేటర్ దగ్గర ఆ బాధ లేదు. 23 తప్పని ఒకటో తరగతి పిల్లాడికైనా తెలుసు. తప్పు చేసింది నేనే, అది నా కళ్లముందే ఉంది, ఇక వెతుక్కోవడమే మిగిలింది.

ఈ అధ్యాయంలో మీచేత ఆ కాలిక్యులేటరే చేయిస్తాను. ఫోన్‌లో ఒకటి ఉండగా మళ్లీ ఇంకోటెందుకని అడక్కండి. వంట నేర్చుకునేవాళ్ల చేత ముందు అన్నమే వండిస్తారు. మెతుకు పట్టి చూస్తే ఉడికిందో లేదో తెలిసిపోతుంది కాబట్టి. కొత్త విద్యలో మొదటి పనికి ఉండాల్సిన లక్షణం నా లెక్కలో అదొక్కటే. చిన్నదా పెద్దదా అన్నది తర్వాతి మాట, జవాబు మనకు ముందే తెలిసి ఉండాలి.

పనిముట్ల గురించి రెండు మాటలు. తెర మీద బటన్ కావాలంటే పేజీల కొద్దీ కోడు రాసే బదులు, మౌసుతో బటన్‌ని ఈడ్చి కావలసిన చోట పెట్టి, "దీన్ని నొక్కితే ఏం జరగాలి" అన్న ముక్క మాత్రం రాసుకోవడం విజువల్ ప్రోగ్రామింగ్‌లో ఒక పద్ధతి. దీన్ని ఊరూరికీ చేర్చింది మైక్రోసాఫ్ట్ వారి విజువల్ బేసిక్. తెర గీసుకునే ఆ పనిముట్టుకు మూలరూపం చేసిచ్చినాయన ఆలన్ కూపర్. మొదటి వెర్షన్ 1991లో, 6.0 వెర్షన్ 1998లో వచ్చాయి. మా బ్యాచ్‌లకి తిండి పెట్టింది ఆ 6.0యే. పిల్లల కోసం ఎం.ఐ.టి. వాళ్ల స్క్రాచ్ 2007లో వచ్చింది. అందులో కోడు రాయడమే ఉండదు, రంగురంగుల దిమ్మలు ఒకదానికొకటి తగిలించడమే.

వీటన్నిటికంటే ముందే, సరిగ్గా కాలిక్యులేటర్ విషయంలోనే, ఒక ముచ్చట జరిగింది. 1982లో ఆపిల్‌లో మెకింతోష్ తయారవుతున్నప్పుడు క్రిస్ ఎస్పినోజా అనే యువకుడు దానికి కాలిక్యులేటర్ గీశాడు. స్టీవ్ జాబ్స్ చూసి పెదవి విరిచాడు. గీతలు ఇంత లావేమిటి, వెనక రంగు ఇంత ముదురేమిటి, బటన్లు ఇంత పెద్దవేమిటి అని. దిద్ది తెస్తే ఇంకో వంక. చివరికి ఎస్పినోజా తెలివైన పని చేశాడు. గీత మందం, బటన్ సైజు, వెనక రంగు అన్నీ మెనూల్లోంచి మార్చుకునేలా ఒక ప్రోగ్రాం రాసి జాబ్స్ ముందు పెట్టి, మీరే చేసుకోండన్నాడు. పది నిమిషాల్లో జాబ్స్ తనకు నచ్చినట్టు మార్చుకున్నాడు. ఆ రూపమే ఏళ్ల తరబడి మెకింతోష్‌లో నిలిచిపోయింది. చూసేవాడికే గీసుకునే వీలిస్తే వాదన ఎంత తొందరగా తెగుతుందో చూడండి. అయితే ఒకటి గమనించాలి. జాబ్స్ పది నిమిషాల్లో తేల్చింది రూపం. 7కి 8 కలిపితే 15 రావడం ఆ పది నిమిషాల్లో తేలింది కాదు.

మన పనికి నేను ఎంచుకున్నది ఆప్ ఇన్వెంటర్. గూగుల్ దీన్ని 2010లో మొదలుపెట్టి, మరుసటి ఏడాది చివర వదిలేస్తే, ఎం.ఐ.టి. తీసుకుని నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో బ్రౌజరూ, గూగుల్ అకౌంటూ, చేతిలో ఒక ఫోనూ ఉంటే చాలు. పోయిన వేసవిలో తెనాలిలో మా మేనకోడలితో దీన్నే చేయించాను. అది ఇంటర్ రెండో సంవత్సరం. మా బావకి అక్కడ కిరాణా కొట్టుంది. మేం పడ్డ పాట్లే మీకూ ఎదురవుతాయి కనుక అవే చెబుతాను.

కంప్యూటర్ తెరవకముందు ఒక కాగితం తీసుకోండి. ఎడమ పక్క పది పన్నెండు లెక్కలు, కుడి పక్క వాటి జవాబులు రాయండి. 5+3 లాంటివి రెండు చాలు. తర్వాత 2+3+4 రాయండి. 7ని సున్నాతో భాగించమనండి. ఒక లెక్క అవగానే సి నొక్కకుండా ఇంకో లెక్క మొదలుపెట్టండి. ప్లస్ నొక్కి, అబ్బే కాదు, అని ఇంటూ నొక్కండి. ఈ కాగితాన్ని కీబోర్డు పక్కనే పెట్టుకోవాలి. మా మేనకోడలు దీన్ని మొదట లక్ష్యపెట్టలేదు. "మావయ్యా, ప్రోగ్రాం అయ్యాక చూసుకోవచ్చుగా" అంది. అయ్యాక చూసుకుంటే, అయిపోయిందన్న సంబరంలో మనకి వచ్చే లెక్కలే వేసి చూసుకుంటాం. బుద్ధి చల్లగా ఉన్నప్పుడే ప్రశ్నపత్రం రాసిపెట్టుకోవాలి.

తెర గీయడం అరగంట పని, తొందరగానే చెప్పేస్తాను. కొత్త ప్రాజెక్టుకి ఖాళీలు లేకుండా ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టండి. ఎడమ పక్క పాలెట్‌లోంచి ఒక లేబుల్ లాగి మధ్యలోని ఫోన్ బొమ్మ మీద వదలండి. కుడి పక్క ప్రాపర్టీస్‌లో దాని టెక్స్ట్ 0 చేసి, అక్షరం సైజు 40 పెట్టి, కుడికి జరపండి. అదే మన డిస్‌ప్లే. దాని కింద టేబుల్ అరేంజ్‌మెంట్ ఒకటి పెట్టి, నాలుగు నిలువు వరసలు, ఐదు అడ్డ వరసలు చేయండి. అందులో బటన్లు. పై వరసలో 7, 8, 9. ఫోన్ డయల్‌లా 1, 2, 3 పైన పెట్టకండి. ఫోన్ బటన్ల వరస వేరే కథ, బెల్ ల్యాబ్స్ వాళ్లు రకరకాల అమరికలు జనం మీద పరీక్షించి 1960లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. కొట్టులో కూర్చున్నవాడి వేళ్లకి 7 పైనే ఉండాలి. నాలుగో నిలువు వరసలో భాగహారం, ఇంటూ, మైనస్, ప్లస్. నాలుగో అడ్డ వరసలో సి, 0, ఈక్వల్స్. ఐదో వరస ఖాళీగా ఉంచండి, దానితో పనుంది.

ప్రతి బటన్‌కీ పేరు మార్చండి. బటన్ 1, బటన్ 2 అని వదిలేస్తే, గంట తర్వాత బటన్ 13 ఏమిటో మీకే గుర్తుండదు.

ఇక పైన కుడి మూల బ్లాక్స్ అన్న మీట నొక్కండి. అసలు పని ఇక్కడుంది.

మా మేనకోడలు 7 బటన్‌కి ఒక దిమ్మ కట్టింది: "ఈ బటన్ నొక్కితే, డిస్‌ప్లేలో ఉన్నదాని చివర 7 తగిలించు." బాగానే ఉంది. దాన్నే తొమ్మిదిసార్లు డూప్లికేట్ చేసి అంకెలు మార్చుకుంటూ పోయింది. ఒకచోట మార్చడం మర్చిపోయింది. 4 నొక్కితే 7 పడుతోంది. పది ఒకే రకం దిమ్మలు చేతితో దిద్దేచోట ఒకటైనా జారుతుంది. అందుకే పదీ వద్దు, ఒకటే చాలు. దిమ్మల జాబితా అడుగున ఎనీ కాంపొనెంట్ అని ఉంటుంది. అందులో ఎనీ బటన్ తెరిస్తే, ఏ బటన్ నొక్కినా పలికే దిమ్మ దొరుకుతుంది. నొక్కిన బటన్ మీద ఏ అక్షరం రాసి ఉందో దాన్నే తీసి డిస్‌ప్లే చివర తగిలించమంటే, పది అంకెల పనీ ఒక్క దిమ్మతో తీరిపోతుంది. ప్లస్, ఈక్వల్స్ లాంటివాటికి విడిగా దిమ్మలుంటాయి కదా, వాటిని ఇది ముట్టుకోకుండా దాంట్లోనే ఉన్న నాట్ ఆల్రెడీ హాండిల్డ్ అన్న విలువని ఒక ఇఫ్‌కి షరతుగా పెట్టండి.

ఇక్కడ నా పాత 23 గుర్తుకొచ్చింది. విజువల్ బేసిక్‌లో టెక్స్ట్ బాక్సులో ఉన్నది చూడ్డానికి అంకే అయినా మెషీన్‌కి అది అక్షరం. అక్షరాల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది, అందుకే 23. వాల్ అన్న ఫంక్షన్‌లో పెడితేనే సంఖ్య అవుతుంది. (ఆ వాల్‌కీ ఒక తిక్క ఉంది. మన అలవాటు కొద్దీ 1,250 అని కామా పెట్టి కొడితే, కామా దగ్గరే ఆగిపోయి 1 అనేది.) ఆప్ ఇన్వెంటర్‌లో అతికించే దిమ్మ వేరు, కూడే దిమ్మ వేరు, రంగులు కూడా వేరు. 2 తర్వాత 3 నొక్కితే 23 కనపడాలి, అది అతుకు. 2 ప్లస్ 3 ఈక్వల్స్ నొక్కితే 5 రావాలి, అది కూడిక. అప్పట్లో నాకు తప్పైనదే ఇక్కడ అంకెలు టైపు చేసేచోట ఒప్పయింది.

కాలిక్యులేటర్ మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి, వాటికి మూడు వేరియబుల్స్ కావాలి. మొదటి సంఖ్య ఏది, నొక్కిన గుర్తు ఏది, ఇప్పుడు పడే అంకె కొత్త సంఖ్యకి మొదలా కాదా. మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. 5 ప్లస్ నొక్కాక తెర మీద ఇంకా 5 ఉంటుంది. 3 నొక్కితే 53 కాకూడదు, 5 పోయి 3 రావాలి. అందుకని "కొత్తది" అన్న వేరియబుల్ ఒకటి పెట్టి, ప్లస్ లాంటి గుర్తు గానీ ఈక్వల్స్ గానీ నొక్కగానే దాన్ని నిజం చేయండి. అంకె పడేటప్పుడు అది నిజమైతే పాతది చెరిపి రాసి, వెంటనే అబద్ధం చేయండి. అబద్ధమైతే అతికించండి. ప్రోగ్రాం మొదలైనప్పుడు కూడా అది నిజంగానే ఉండాలి, లేకపోతే 0 పక్కన 5 పడి 05 అవుతుంది.

కాగితంలోని 2+3+4 దగ్గర మొదటి దెబ్బ తగిలింది. 7 వచ్చింది. రెండో ప్లస్ నొక్కగానే మొదటి సంఖ్య స్థానంలో 3 వచ్చి కూర్చుంది, 2 ఎటో పోయింది. ప్లస్ అంటే "ఇకపై కూడుదాం" అని మాత్రమే కాదు, "ఇప్పటిదాకా ఉన్న లెక్క తేల్చి" అని కూడా. కనుక గుర్తు నొక్కినప్పుడు, అంతకుముందు ఇంకో గుర్తు ఉండి, "కొత్తది" అబద్ధమైతే ముందు లెక్క తేల్చాలి. ఆ రెండో షరతు ఎందుకంటారా? ప్లస్ నొక్కి, మనసు మార్చుకుని ఇంటూ నొక్కినవాడి కోసం. అది లేకపోతే 5, ప్లస్, ఇంటూ అనగానే 5కి 5 కలిపి 10 చూపిస్తుంది.

లెక్క తేల్చే పనిని ప్రొసీజర్‌గా కట్టి, గుర్తులూ ఈక్వల్సూ అదే పిలిచేలా చేశాం. ఒక గంట ఇంటూ పలకలేదు. బటన్ మీద ఇంటూ గుర్తు ఉంది, ప్రొసీజర్‌లో పోల్చేచోట ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఉంది. రెండూ కంటికి ఒకటే. సున్నాతో భాగించేచోట ఒక ఇఫ్ పెట్టి, "కుదరదు" అని చూపించమన్నాం. అది తెలుగులో రాయాలన్నది మా మేనకోడలి పట్టుదల, శుభ్రంగా కనపడింది.

ఆ తర్వాతే అసలు చిక్కు. 5+3 సరిగ్గా 8 వచ్చింది. వెంటనే, సి నొక్కకుండా, 4×2 వేసింది. 18 వచ్చింది.

"విడిగా వేస్తే 8 వస్తోంది మావయ్యా, దీని తర్వాత వేస్తేనే 18" అంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, కనపడ్డ దిమ్మలన్నీ మార్చేయడం. అది వద్దు. ఫోను కలిపి ఉన్నప్పుడు (కలపడం ఎలాగో కాసేపట్లో చెబుతాను) ఏ దిమ్మ మీదైనా రైట్ క్లిక్ చేస్తే డూ ఇట్ అని ఉంటుంది. నొక్కితే ఆ దిమ్మ విలువ ఆ క్షణాన ఎంతో అక్కడే చెబుతుంది. 5+3 ఈక్వల్స్ నొక్కించి ఆపాను. "గుర్తు" వేరియబుల్ మీద డూ ఇట్ నొక్కమన్నాను. ప్లస్ అని చూపించింది. లెక్క అయిపోయినా ప్లస్ ఇంకా లోపలే కూర్చుంది. మొదటి సంఖ్య 5 కూడా అలాగే ఉంది. 4 కొట్టి ఇంటూ నొక్కగానే ఆ పాత 5 వచ్చి 4లో కలిసి 9 అయింది, దాన్ని 2తో హెచ్చిస్తే 18.

మా బావ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "పాత బాకీ కొట్టెయ్యకుండా కొత్త పద్దు రాశారన్నమాట" అన్నాడు. ఆయన ప్రోగ్రాం రాసిన మనిషి కాదు, కానీ ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఈక్వల్స్ దిమ్మలో చివర "గుర్తు ఖాళీ చెయ్యి" అని ఒక ముక్క తగిలించాం, 18 పోయింది.

ఫోన్‌లో నడపడం గురించి చెప్పాలి. ఎం.ఐ.టి. ఏఐ2 కంపానియన్ అనే యాప్ ఫోన్‌లో వేసుకుని, కంప్యూటర్‌లో కనెక్ట్ మెనూ తెరిస్తే క్యూఆర్ కోడూ ఆరక్షరాల కోడూ వస్తాయి. స్కాన్ చేయగానే మీ కాలిక్యులేటర్ ఫోన్ మీద ప్రత్యక్షం. అక్కడ బటన్ రంగు మారిస్తే ఇక్కడ మారిపోతుంది. కలవకపోతే ముందు చూడాల్సింది వైఫై. రెండూ ఒకే నెట్‌వర్క్ మీద ఉండాలి. ఆఫీసుల్లో, హాస్టళ్లలో ఒకే వైఫై ఉన్నా కలవనివ్వకపోవచ్చు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటర్‌ని దానికి తగిలించండి. అంతా బాగుందనుకున్నాక బిల్డ్ మెనూలోంచి ఏపీకే ఫైలు తీసుకుని ఆండ్రాయిడ్ ఫోన్‌లో దించుకోవచ్చు. ప్లే స్టోర్‌ది కాదు కనుక ఫోన్ ఒకసారి అనుమానంగా అడుగుతుంది, మీ చేత్తో చేసిందే కాబట్టి ఒప్పుకోవచ్చు.

ఒప్పుకున్నాక కూడా ఇంకో మనిషి ఫోన్‌లో వేసి చూడండి. అమీర్‌పేట కాలిక్యులేటర్‌ని నేను ఫ్లాపీలో వేసుకుని, బస్సెక్కి తెనాలి తెచ్చి, ఇంటిల్లిపాదినీ నెట్ సెంటర్‌కి లాక్కెళ్లాను. విండోస్ 98 ఉన్న సిస్టమ్. రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక డీఎల్ఎల్ ఫైలు లేదని చిన్న డబ్బా వచ్చింది. విజువల్ బేసిక్ 6తో చేసిన ప్రోగ్రాం నడవాలంటే దానికి తోడుగా రన్‌టైమ్ ఫైలొకటి ఉండాలి, మా ల్యాబ్‌లో అన్ని సిస్టమ్‌లలోనూ ఉంది కనుక ఆ సంగతి నాకు తట్టనే లేదు. మా నాన్న ఆ డబ్బా వంక చూసి, "ఇదేనా?" అన్నారు. గంటకి ముప్పై రూపాయలు కూడా ఆయనే కట్టారు.

కనుక మర్నాడు పొద్దున్నే ఏపీకే బావ ఫోన్‌లోకి ఎక్కించాం. బేరం పలచగా ఉన్న వేళ. ఆయన పాత బిల్లు ఒకటి ముందు పెట్టుకుని కొట్టాడు: 45 ఇంటూ 3 ప్లస్ 28 ఇంటూ 2. తెర మీద 326.

మా మేనకోడలి మొహం పాలిపోయింది. 135కి 56 కలిస్తే 191 కదా. నిజానికి మన కాలిక్యులేటర్ తప్పు చేయలేదు, నొక్కిన వరసలో తేల్చుకుంటూ పోయింది. 135, దానికి 28 కలిపి 163, దాన్ని రెట్టిస్తే 326. విండోస్ కాలిక్యులేటర్ కూడా స్టాండర్డ్‌లో 2+3×4 అంటే 20 చూపిస్తుంది, సైంటిఫిక్‌లో పెడితే 14. బడిలో నేర్చుకున్న బోడ్మాస్ ప్రకారం 14 రైటు. ఏదో ఒకటి ఎంచుకోవాల్సింది మీరే, ఎంచుకున్నది కాగితం మీద రాసుకోవాలి.

బావ మాత్రం కంగారు పడలేదు. "నాకు తెలుసులే, మీ దాంట్లో ఎం ప్లస్ ఏది?" అని అడిగాడు. గల్లాపెట్టె మీది కాలిక్యులేటర్ తీసి చూపించాడు. 45 ఇంటూ 3, ఎం ప్లస్. 28 ఇంటూ 2, ఎం ప్లస్. చివర ఎంఆర్‌సీ. 191. ఆయన వేళ్లు చూడకుండానే ఎం ప్లస్ మీద పడుతున్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ బటనే ఆయనకి బోడ్మాస్. తర్వాత, "రెండు సున్నాలది కూడా పెట్టమ్మా, వందలూ వేలూ కొట్టేటప్పుడు చెయ్యి ఆగకూడదు" అన్నాడు.

ఐదో వరస ఖాళీగా ఉంచమన్నది అందుకే. ఎం ప్లస్‌కి నాలుగో వేరియబుల్ పెట్టాం. నొక్కితే లెక్క తేల్చి, వచ్చింది అందులో కలపాలి, గుర్తు ఖాళీ చేయాలి, "కొత్తది" నిజం చేయాలి. అరగంట పట్టింది. రెండు సున్నాల బటన్‌కి మాత్రం దిమ్మ ఒక్కటి కూడా పడలేదు. బటన్ పెట్టి దాని మీద 00 అని రాసింది, అంతే. నొక్కిన బటన్ మీద ఏది రాసి ఉంటే అది అతికించే దిమ్మ అప్పటికే ఉంది కదా. ఆ పిల్ల ఒక్క నిమిషం నమ్మలేదు, రెండుసార్లు నొక్కి చూసుకుంది. మొదట పది దిమ్మలు దిద్దినప్పుడు ఎందుకు ఒకటే చాలన్నానో నేను మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రాత్రి హైదరాబాద్ రైలెక్కాను. పదకొండున్నరకి ఫోన్ మోగింది, మెసేజ్. "మావయ్యా, 5+3 కొట్టి ఈక్వల్స్ రెండుసార్లు నొక్కితే మనది 8 దగ్గరే ఆగుతోంది. కంప్యూటర్‌లోది 11 అంటోంది. ఏది రైటు?"

"నాన్న గల్లాపెట్టె మీద దాంట్లో నొక్కి చూడు" అని పెట్టాను.

"కొట్టు మూసేశారు. తాళం అడిగా, తిడుతున్నారు."